ఛాయాచిత్రకళ: లక్షణము, లక్ష్యము

ఛాయాచిత్రములు తీయుట నేర్వగోరి వచ్చు యువకులు నన్ను తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "చేయి తిరిగినచో చాలదా? శాస్త్రము కూడ చదువవలయునా?" అని. కొందఱు మఱియొక మెట్టు పైకెక్కి, శాస్త్రము చదివినచో చేతిలోని జీవము పోవునేమో యని శంకింతురు. మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. రెండవ శంక మాత్రము నవ్వి త్రోసివేయదగినది కాదు. ఆ శంకకే లోబడి, తాను స్థాపించిన సిద్ధాంతమును తానే పాతిపెట్టి, నల్లయంచుల కరపత్రమును ప్రకటించిన మహానుభావు డొకడు 19వ శతాబ్దములో ఉండెను. ఈ పూట ముఖ్యముగా ఆయన కథను చెప్పదలచితిని. ఆయనను కలవరపెట్టిన లెక్కయే ఏబదియేండ్ల తరువాత మఱియొకని చేతిలో గొప్ప చిత్రములకు సాధనమయ్యెను. లెక్క రెండుచోట్లను ఒకటియే.

మన పెద్దలు ఏ కళనైనను లక్ష్యమనియు, లక్షణమనియు రెండుగా చూచిరి. కావ్యము లక్ష్యము, కావ్యములను పరిశీలించి తీసిన నియమములు లక్షణము. పాట లక్ష్యము, స్వరశాస్త్రము లక్షణము. ఈ రెంటిని విడదీయుట ఎంత కష్టమో తెలుపు కథ యొకటి విష్ణుధర్మోత్తరమున కలదు. ప్రతిమానిర్మాణము నేర్పుమని వజ్రుడను రాజు మార్కండేయుని అడుగగా, చిత్రము తెలియనిదే ప్రతిమ రాదనియు, నృత్తము తెలియనిదే చిత్రము రాదనియు, వాద్యము తెలియనిదే నృత్తము రాదనియు, గీతము తెలియనిదే వాద్యము రాదనియు ఆ ముని చెప్పెనట. రాజు ఓపిక మెచ్చదగినది. మన యువకులయినచో మూడవ మెట్టుకడనే ఇంటికి పోయియుందురు.

ఛాయాచిత్రకళకు లక్షణము రెండు తెఱగులు. ఒకటి వెలుగునకును వెండికిని సంబంధించినది. ఎంత వెలుగు తగిలిన ప్లేటు ఎంత నల్లబడును, ఏ రంగునకు ఎట్లు స్పందించును అను విషయము. రెండవది అర్థమునకు సంబంధించినది. ఛాయాచిత్రమనగా నేమి, అది మనకు దేనిని చూపుచున్నది అను విచారము. మొదటిదానిని కొంచెము విరివిగా చెప్పి, రెండవదానిని చివర తడవెదను.

పీటర్ హెన్రీ ఎమర్సన్ 1856లో క్యూబాలో పుట్టి, ఇంగ్లండులో వైద్యవిద్య నభ్యసించి, ఆ వృత్తిని విడిచి ఛాయాచిత్రణమున బడిన వాడు. తూర్పు ఇంగ్లండులోని నార్‌ఫోక్ ప్రాంతమున వెడల్పయిన మడుగులు, రెల్లుదుబ్బులు, పల్లపు నేలలు కలవు. అచ్చటి పడవవాండ్రును, రెల్లుకోయువారును, జాలరులును ఆయనకు చిత్రవస్తువులైరి. గుడ్‌ఆల్ అను చిత్రకారునితో కలిసి ఆయన 1886లో వెలువరించిన గ్రంథమున 40 ప్లాటినము ప్రింట్లు కలవు. అందొకదానిలో పడవలో కూర్చున్న స్త్రీ వంగి నీటిలోని కలువపువ్వు నందుకొనుచుండును. పడవ, పూవు, నీటిమీది ఆకులు, వెనుకనున్న రెల్లు అన్నియు నొకే మెత్తని వెలుగులో నుండును.

ఆ కాలమున ఇంగ్లండులో కళాచ్ఛాయాచిత్రమనగా వేఱు పద్ధతి. హెన్రీ పీచ్ రాబిన్‌సన్ అనునాయన 1858లో చేసిన సుప్రసిద్ధచిత్రము ఒకటి కలదు. మరణశయ్యమీది బాలికయు, చుట్టును బంధువులును అందు కనబడుదురు. అది ఐదు నెగటివులను ఒకచోట కూర్చి ముద్రించినది. మనుష్యులను వేర్వేఱుగా నిలువబెట్టి తీసి, తరువాత అతికి, చిత్రలేఖనమునకు సరితూగునట్లు చేయుట ఆ పద్ధతి. ఎమర్సన్‌కు ఇది రోతపుట్టించెను. 1889లో ఆయన ప్రకృతిసిద్ధమయిన ఛాయాచిత్రణమును గూర్చి విద్యార్థులకొఱకు ఒక గ్రంథమును వ్రాసెను. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్‌జ్ నేత్రమును గూర్చి చేసిన పరిశోధనలు దానికి మూలము. మన కన్ను చూడదలచిన చోటు మాత్రమే స్పష్టముగా చూచును. అంచులు మసకగా నుండును. కావున చిత్రమునందును ముఖ్యవస్తువు కొంత స్పష్టముగను, తక్కినది అంతకంటె మృదువుగను ఉండవలెనని ఆయన వాదము. నీరెండలో వెలుగునీడలు కంటికి ఏ తారతమ్యముతో కనబడునో, ఆ తారతమ్యమును ఛాయాగ్రాహకుడు డెవలపరులో తన యిచ్ఛవచ్చినట్లు సాధింపగలడనియు ఆయన నమ్మెను. ఆయన సౌధమంతయు ఈ రెండవ నమ్మకముమీద నిలిచియున్నది. కళాకారుని స్వాతంత్ర్యము ఆయన లెక్కలో చీకటిగదిలో నుండెను.

ఇక అదే ఇంగ్లండులో, లివర్‌పూల్‌కు చేరువనున్న విడ్నెస్ అను రసాయనపరిశ్రమల ఊరికి పోవుదము. అచ్చట ఒక క్షారకర్మాగారమున స్విట్జర్లండు దేశీయుడగు ఫెర్డినండ్ హర్టర్ రసాయనశాస్త్రజ్ఞుడు. వీరో చార్లెస్ డ్రిఫీల్డ్ ఇంజనీరు. డ్రిఫీల్డ్ స్నేహితుని ఛాయాచిత్రణమునకు దించెను. కొలతలకు అలవాటుపడిన హర్టరునకు, ఎంతసేపు వెలుగు చూపవలెనో ఊహించి చేయు పని సరిపడలేదు. పగటివేళ కర్మాగారము, తీరికవేళ ఒక కొవ్వొత్తి వెలుగు, కొన్ని ప్లేట్లు, ఒక కొలతసాధనము. ఏండ్లతరబడి ఇట్లు శ్రమించి వారు 1890 మే నెలలో తమ ఫలితములను ఒక రసాయనశాస్త్ర పత్రికలో ప్రకటించిరి.

రేడియోలో బొమ్మ గీసి చూపుటకు వీలులేదు గనుక, వారు గీచిన రేఖను మాటలతో వర్ణింపవలసియున్నది. మన ఊరి చెఱువుగట్టును ప్రక్కనుండి చూచినట్లు ఊహించుకొనుడు. మొదట నేల దాదాపు సమముగా నుండి మెల్లగా లేచును. పిమ్మట తిన్నని వాలు. పైకి పోయినకొలది ఆ వాలు తగ్గి చదునగును. ఎడమనుండి కుడికి పోవుట యనగా ప్లేటునకు తగిలిన వెలుగు పెరుగుట. ఒక్కొక్క అడుగునకు వెలుగు రెట్టింపగును. గణితము చదివినవారు దీనిని సంవర్గమానమందురు. క్రిందినుండి పైకి పోవుట యనగా ప్లేటులో నల్లని వెండి చిక్కబడుట. ఇదియే హర్టరు-డ్రిఫీల్డుల రేఖ. నేటికిని ఫిల్ము తయారుచేయువారు ఫిల్ముతోపాటు ఈ రేఖను ప్రకటించుచునే యున్నారు.

దీని వలన మనకేమి తెలియును? చెట్టునీడలో నల్లగేదె యున్నది. దాని వెనుక ఎండలో సున్నము కొట్టిన గోడ యున్నది. గేదె నుండి వచ్చు కొద్దిపాటి వెలుగు గట్టు పాదమున పడినదనుకొనుడు. అచ్చట నేల చదును. గేదె డొక్కకును, మెడకును, కొమ్మునకును గల తేడాలు ప్లేటుమీద తేడాలుగా నిలువవు; అంతయు నొక నల్లని మచ్చ. గోడ వెలుగు గట్టుపైనున్న చదునున పడినచో గోడమీది పగుళ్లును, తాపీగీతలును మాయమగును. తిన్నని వాలుమీద పడినవానికి మాత్రమే వాని వాని తారతమ్యము దక్కును. మఱి డెవలపరులో ఎక్కువసేపు ఉంచినచో? గట్టు నిటారగును, తక్కువసేపు ఉంచినచో వాలు తగ్గును. కాని గేదెకును గోడకును మధ్యనున్న ఛాయల వరుసను, వాని పరస్పర నిష్పత్తిని డెవలపరు తారుమారు చేయజాలదు. ఒక్కదానిని పైకిలాగి, ప్రక్కదానిని క్రిందికి త్రోయుట అసాధ్యము. హర్టరు-డ్రిఫీల్డుల సిద్ధాంతమిది.

ఎమర్సన్ దీనిని చదివెను. అదే కాలమున ఒక గొప్ప చిత్రకారునితో జరిగిన సంభాషణలును తన మనస్సును మార్చెనని ఆయనయే వ్రాసినాడు. 1890లోనే ఆయన తన ప్రకృతిసిద్ధ ఛాయాచిత్రణము మరణించెనని నల్లయంచుల కరపత్రమును ప్రకటించి, ఛాయాచిత్రము కళ కాదని చాటెను. 1899లో తన గ్రంథము మూడవసారి అచ్చయినపుడు చివరి యధ్యాయమును ఈ మతమునకే వినియోగించెను.

ఆయన నిజాయితీకి నేను నమస్కరింతును. కొత్త సత్యము కనబడగానే పేరుప్రతిష్ఠలు తెచ్చిన గ్రంథమును ఇట్లు త్రోసివేయగలవారు ఎందఱుందురు? కాని ఆయన తర్కమును మాత్రము అంగీకరింపలేను. కళయనగా ఇచ్ఛవచ్చినట్లు మార్చగల శక్తి. ప్లేటులోని ఛాయల నిష్పత్తి నియమబద్ధము. కావున ఛాయాచిత్రము కళ కాదు. ఇది ఆయన వాదసరణి. ఉత్పలమాలకు పాదమునకు ఇరువది యక్షరములు, పదవ యక్షరమున యతి, రెండవ యక్షరమున ప్రాస. ఇవి మార్చుటకు వీలులేదు. అందువలన తెలుగుకవి తనకు స్వాతంత్ర్యము లేదని ఘంటము పాఱవేసెనా? అదే వృత్తములో యుద్ధమును వర్ణించెను, విలాపమును వర్ణించెను, పరిహాసమును ఆడెను. హర్టరు-డ్రిఫీల్డులు చెప్పినది గట్టు ఆకారమును గూర్చి మాత్రమే. ఆ గట్టుమీద గేదెను ఎక్కడ నిలుపవలయునో, గోడను ఎక్కడ నిలుపవలయునో, గట్టును ఎంత నిటారు చేయవలయునో వారు శాసింపలేదు. అది కెమెరా వెనుకనున్నవాని యిష్టము. స్వాతంత్ర్యము చీకటిగదినుండి ఆవలికి, మీట నొక్కుటకు ముందటి క్షణములోనికి జరిగినది.

ఇంకొక విశేషము. ఛాయాచిత్రము కళ కాదన్న తరువాతను ఎమర్సన్ కెమెరాను విడువలేదు. 1895లో ఆయన వెలువరించిన చివరి చిత్రసంపుటమున 16 చిత్రములు కలవు. మంచు, పొగమంచు, ఒంటరి చెట్టు, ఖాళీ నీరు, మనుష్యులు అంతంతమాత్రము. ఆయన చిత్రములలో ఇవియే మిక్కిలి గొప్పవని తలచువారు చాలమంది కలరు. నేనును వారిలో చేరినవాడనే. సిద్ధాంతభారము దిగిపోయినందున చేయి తేలికపడినదా, లేక శాస్త్రమువలన ఛాయల స్వరూపము చక్కగా తెలిసి చేయి గట్టిపడినదా? ఆయన చెప్పలేదు. చిత్రములను చూచి నాకు తోచునది రెండవది.

ఇప్పుడు కథ అమెరికాకు మాఱుచున్నది. ఆన్సెల్ ఆడమ్స్ 1902లో పుట్టి 1984లో మరణించిన వాడు. మొదట పియానో వాద్యమున శిక్షణ పొందినాడు. 1927 ఏప్రిల్ 10వ తేదీన కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయపైనున్న ఒక కొండచరియ నెక్కి, ఎదుట నిట్టనిలువుగా నిలిచిన హాఫ్ డోమ్ అను మహాశిలను తీయ నారంభించెను. అప్పటికి ఆయనయొద్ద మిగిలినవి రెండు గాజుప్లేట్లు. ఒకదానిని పసుపుపచ్చని ఫిల్టరుతో తీసెను. తీయగానే, అందు ఆకాశము తాను అనుభవించిన గాంభీర్యముతో రాదని ఆయనకు స్ఫురించెను. ముదురెఱుపు ఫిల్టరు నీలిని అడ్డగించును. అప్పుడు నీలాకాశము చిత్రమున దాదాపు నల్లనగును. రెండవ ప్లేటును ఆ ఫిల్టరుతో తీసెను. నల్లని ఆకాశము ముందు ఆ శిల తలయెత్తి నిలిచిన చిత్రము లోకప్రసిద్ధమైనది.

ఈ నిర్ణయము వెనుక ఎవ్వరి శ్రమ దాగియున్నదో చూడుడు. మొదటితరము ప్లేట్లకు నీలిరంగు తప్ప తక్కిన రంగులు సరిగా తెలియవు. ఆకాశము తెల్లగా మాడిపోవుచుండెను; ఎఱుపు నల్లగా వచ్చుచుండెను. 1873లో బెర్లినులో హెర్మన్ వోగెల్ అను ఆచార్యుడు ప్లేటులో కొన్ని వర్ణద్రవ్యములను కలిపినచో అది ఆకుపచ్చను, పసుపును కూడ గ్రహించునని కనుగొనెను. ఆ దారినే పోగా పోగా ఎఱుపునుగూడ గ్రహించు ప్లేట్లు వచ్చినవి. అవి లేనిచో ఎఱ్ఱ ఫిల్టరు పెట్టిన కెమెరాలో ఏమియు పడదు. కొండచరియమీద ఆడమ్స్‌నకు కలిగిన స్ఫురణ ఆయన సొంతము. ఆ స్ఫురణ నిలుచుటకు పీట వేసినది బెర్లిను ప్రయోగశాల.

తీయుటకు ముందే ముగిసిన చిత్రమును మనస్సున చూచుట యెట్లో ఆడమ్స్ నాడు అనుభవమున తెలిసికొనెను. దానిని ఇతరులకు నేర్పుటకు మాత్రము పండ్రెండేండ్లకు పైగా పట్టెను. 1939-40 ప్రాంతమున లాస్ ఏంజెలిస్‌లోని ఒక కళాశాలలో బోధించుచు, ఫ్రెడ్ ఆర్చర్ అను తోటి యుపాధ్యాయునితో కలిసి ఆయన మండలపద్ధతి యని చెప్పదగిన విధానమును కూర్చెను. మన సంగీతమున స్థాయిలో స్వరస్థానము లున్నట్లు, కటిక నలుపునకు 0, కాగితపు తెలుపునకు 10 అని పెట్టి, నడుమనున్న బూడిదరంగునకు 5 అనెను. ఒక మెట్టునుండి పై మెట్టునకు వెలుగు రెట్టింపు.

వెలుగుకొలత యంత్రము, అనగా మీటరు, ఒక వెఱ్ఱిబాగుల భృత్యుడు. దేనిని చూపినను అది 5వ మెట్టున, అనగా నడిమి బూడిదరంగులో, పడునట్లే లెక్క చెప్పును. సున్నపుగోడను చూపినచో గోడను బూడిదరంగు చేయుమనును. గేదెను చూపినచో గేదెను బూడిదరంగు చేయుమనును. శాస్త్రమెఱుగనివాడు దాని మాట విని, తెల్లగోడ మాసినట్లు వచ్చినదేమని వగచును. ఎఱిగినవాడు గేదెను 3వ మెట్టున నిలుపదలచి, మీటరు చెప్పినదానిలో నాలుగవవంతు వెలుగు మాత్రమే యిచ్చును. అప్పుడు గోడ ఎక్కడ పడునో చూచుకొనును. 7వ మెట్టున పడిన మంచిదే. మండుటెండలో 9వ మెట్టునకు ఎక్కినచో, డెవలపరులో కాలము తగ్గించి దానిని క్రిందికి దింపును. నీడలోని గేదె దీనివలన అంతగా కదలదు. మబ్బుపట్టిన దినమున ఛాయలన్నియు ఒకచోట ముడుచుకొనియుండును గనుక, డెవలపరులో కాలము పెంచి వానిని విప్పును. చెఱువుగట్టును వంచుటయు, నిక్కించుటయు నిదియే. హర్టరు-డ్రిఫీల్డుల రేఖలో లేనిదేదియు ఇందు లేదు. ఎమర్సన్‌కు ముగింపుగా తోచిన చోట ఆడమ్స్ పాఠము మొదలుపెట్టెను.

ఈ పద్ధతి పలకమీది లెక్క మాత్రమే కాదనుటకు 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలమున జరిగినది చాలును. ఆ తేదీని ఆడమ్స్ సరిగా గుర్తుపెట్టుకొనలేదు. ఒక్కొక్కచోట ఒక్కొక్క యేడు చెప్పుచుండెను. చిత్రములోని చంద్రుని స్థానమును బట్టి ఖగోళశాస్త్రజ్ఞులు తరువాత గణించి తేల్చిరి. న్యూ మెక్సికో రాష్ట్రమున కారులో పోవుచుండగా, హెర్నాండెజ్ అను చిన్న పల్లె ప్రక్కన చంద్రోదయమయ్యెను. అస్తమించుచున్న సూర్యుని కిరణములు శ్మశానమునందలి తెల్లని సిలువలమీద పడుచుండెను. కారు నాపి, పెద్ద కెమెరాను నిలబెట్టి, మీటరుకొఱకు వెదకిరి. అది దొరకలేదు. వెలుగు పోవుచున్నది. అప్పుడు ఆయనకు చంద్రబింబము వెలుగు చదరపుటడుగునకు 250 కాండిలు అని జ్ఞాపకము వచ్చెను. చంద్రుని 7వ మెట్టున నిలిపినచో, 5వ మెట్టునకు అందులో నాలుగవవంతు, అనగా సుమారు 60. ఆయన ఫిల్ము వేగము 64. దానికి ఎఫ్ 8 ద్వారమున సెకనులో 60వ వంతు కాలము చాలును. ముదురు పసుపు ఫిల్టరునకు మూడురెట్లు, అనగా 20వ వంతు. చంద్రుడును, శ్మశానమును, కొండలును అన్నియు స్పష్టముగా రావలెనన్న ద్వారమును ఎఫ్ 32కు చిన్నదిచేయవలెను; దానికి పదునాఱు రెట్లు కాలము. మొత్తము సుమారు ఒక సెకను. మీట నొక్కెను. రెండవసారి తీయుటకు ప్లేటుపెట్టెను త్రిప్పులోపల సిలువలమీది యెండ తప్పుకొనెను.

నేను దీనిని లెక్కతో సహా చెప్పుటకు కారణము, కొందఱు దీనిని దైవికమనియు, మఱికొందఱు కేవలగణితమనియు చెప్పుచుండుటయే. ఆ సిలువలను చూచి కారు నాపిన మనస్సు గణితమునకు లొంగునది కాదు. ఆ మనస్సు చూచినదానిని ఒక్క సెకనులో ప్లేటుమీదికి దింపినది మాత్రము, ఏండ్లకొలది అభ్యాసముచేత వ్రేళ్లకు పట్టిన లక్షణమే. గాయకుడు పాడునపుడు స్వరస్థానములను లెక్కింపడు; లెక్కించినచో పాట నిలిచిపోవును. ఐనను అవి అతని గొంతుకలో నుండనే యున్నవి.

తరువాతి కథయు ఆసక్తికరమే. నెగటివులో ముందుభాగము పలుచగా వచ్చెను. 1948లో ఆయన ఆ భాగమును మాత్రము రసాయనములతో చిక్కబఱచెను. ఆ యొక్క నెగటివునుండి తన జీవితకాలమున వెయ్యికి పైగా ప్రింట్లు చేసెను. మొదటివానిలో ఆకాశమునందు పలుచని మబ్బుచారలు కనబడును. ముసలితనమున చేసినవానిలో ఆకాశము దాదాపు అమావాస్య నలుపు. కృతి యొకటియే, పాడిన వయస్సులు వేఱు.

ఇక అర్థమునకు సంబంధించిన లక్షణము. వోగెల్ ఆచార్యుని పేరు చెప్పితిని గదా. ఆయన శిష్యుడే ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. తెల్లని పాలరాతిరంగు ప్లాస్టరు విగ్రహమునకు నల్లని మఖమలు కప్పి, రెంటి వివరములును దక్కునట్లు తీయుమని గురువు పెట్టిన అభ్యాసమును ఆయన వారములతరబడి చేసెను. ఆ శిష్యుడే 1887లో ఒక ఇంగ్లీషు పత్రిక నడిపిన పోటీకి చిత్రమును పంపగా, దానికి ప్రథమబహుమతి నిచ్చిన న్యాయనిర్ణేత మన ఎమర్సన్. లోకము చిన్నది. స్టీగ్లిట్జ్ పెద్దవాడయిన పిదప, ఆయన తీసిన ముఖచిత్రముల శక్తి కూర్చున్న మనుష్యులను ఆయన వశీకరించుకొనుటలో నున్నదని ఒక విమర్శకుడనెను. దీనికి ప్రత్యుత్తరముగా ఆయన 1922 నుండి మబ్బులను తీయ మొదలిడెను. మబ్బు ఎవ్వరికిని వశముకాదు. దానిమీద పన్నును లేదు. ఆ చిత్రములను తన యనుభవములకు సమానరూపములని ఆయన పిలిచెను. మబ్బును చూపి మబ్బుకానిదానిని స్ఫురింపజేయుట మన ఆలంకారికులు ధ్వని యనుదానికి చాల దగ్గఱ. 1924లో బోస్టను ప్రదర్శనశాలలో మొదటిసారిగా ఛాయాచిత్రములు కళాఖండములుగా చేరినవి; అవి స్టీగ్లిట్జ్ ఇచ్చిన 27 చిత్రములు. వానిని అక్కడికి తెప్పించుటకు పూనుకొన్నది, ఆ ప్రదర్శనశాలలో భారతీయకళావిభాగమును చూచుచుండిన ఆనందకుమారస్వామి.

1980లో ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ ఛాయాచిత్రమును గూర్చి వ్రాసిన చిన్న గ్రంథమును నేటి విద్యార్థు లందఱును చదువుదురు. చనిపోయిన తల్లి ఐదేండ్ల వయస్సునాటి ఛాయాచిత్రము ఆయనకు దొరకుట దాని హృదయము. ఆ చిత్రమును మాత్రము ఆయన పుస్తకమున అచ్చువేయలేదు. చూచువాని బాధ, చూడబడువాని యిబ్బంది అందు చక్కగా నున్నవి. కెమెరా వెనుకనున్నవానిని గూర్చి, తాను ఛాయాగ్రాహకుడను కాను గనుక, చెప్పజాలనని ఆయనయే యొప్పుకొనెను. అందుచేత ఆ పుస్తకము నొక్కదానినే చదివి కెమెరా పట్టిన విద్యార్థికి, ఏ చిత్రము గుండెకు తగులునో తెలియును గాని, తగులునట్లు తీయుట తెలియదు.

నేడు ప్లేట్లును, ఫిల్మును చాలవఱకు పోయి, వాని స్థానమున విద్యుత్తుతో పనిచేయు గ్రాహకములు వచ్చినవి. చెఱువుగట్టు ఆకారము మాఱినది. వీనిలో వాలు పైవఱకు తిన్నగా పోయి, అచ్చట కొండకొమ్మువలె తెగిపోవును, ఆవలిది శుద్ధశూన్యము. ఫిల్ముతో పనిచేసిన తాతలు నీడలను కాపాడుకొనుడనిరి. నేటివారు తెలుపును కాపాడుకొనవలసియున్నది. నీడలో పోయినదానిని కొంత గరగరతోనైనను పైకి లాగవచ్చును.

సెల్‌ఫోను సంగతి మఱియు విచిత్రము. మనము ఒకమాఱు తాకినచో అది పలుచిత్రములను గబగబ తీసి, నీడను ఒకదానినుండి, ఆకాశమును మఱియొకదానినుండి గ్రహించి ఒకటిగా అతుకును. రాబిన్‌సన్ ఐదు నెగటివులు మన జేబులోనికి తిరిగి వచ్చినవి. నీడలోని ముఖము ఎంత వెలుగవలెను, సంధ్య ఎంత ఎఱ్ఱబడవలెను అను నిర్ణయములు ఎవ్వరో ఎచ్చటనో ముందుగనే చేసి యంత్రమున పెట్టియున్నారు. లక్షణము చదువనొల్లని యువకుడు లక్షణము లేకుండ తీయుచున్నాననుకొనును; అతడు తీయుచున్నది ఆ పరోక్షపు మనుష్యుని లక్షణము ప్రకారము. వాన పడబోవు సాయంకాలమున గోదావరిమీది బూడిదరంగు వెలుగు అతని మనస్సును తాకియుండును. ఇంటికి వచ్చి చూచినచో అందులో పండుగనాటి నీలాకాశముండును.

కావున నేర్వగోరువారికి వోగెల్ పెట్టిన అభ్యాసమునే మన పెరటికి తగినట్లు మార్చి చెప్పెదను. దండెముమీద ఒక ఉతికిన పంచెను, దాని ప్రక్కన ఒక నల్లగొంగడిని ఆరవేయుడు. కెమెరా గాని, ఫోను గాని దాని తెలివిని మాన్పించి, వెలుగును చేతితో దిద్దుకొనుటకు వీలుగా పెట్టుకొనుడు. పంచెను మాత్రమే నమ్మి ఒకటి, గొంగడిని మాత్రమే నమ్మి ఒకటి, నడుమ మూడు తీయుడు. ప్రొద్దున పదిగంటలకు ఒకమాఱు, మబ్బు కమ్మినపుడు ఒకమాఱు, సంజవేళ ఒకమాఱు ఇట్లే చేయుడు. ప్రింట్లను ప్రక్కప్రక్కన పెట్టి, పంచె నేతపోగులు ఎందులో కనబడుచున్నవో, గొంగడి వెండ్రుకలు ఎందులో కనబడుచున్నవో, ఏది ఆ పూట మీరు చూచిన దండెమువలె నున్నదో గుర్తించి, ఎంత వెలుగు ఇచ్చితిరో వెనుక పెన్సిలుతో వ్రాసి దాచుకొనుడు.